రొట్టె, బీరు, ఒకే పొయ్యి: ప్రపంచ ఆహార చరిత్రలో ఒక పాఠం

ప్రవేశం

ఏ రకం బీరుకు ఏ వంటకం జత కుదురుతుందన్నది ఈనాడు పెద్ద హోటళ్లలోనూ, పత్రికల భోజన శీర్షికలలోనూ తరచుగా కనిపించే చర్చ. ఈ చర్చ మొదలై ఎంతో కాలం కాలేదు. మైకేల్ జాక్సన్ అనే ఆంగ్ల రచయిత, గాయకుడు కాదు, అదే పేరున్న మరొకరు, 1977లో ప్రపంచంలోని బీర్ల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. బీర్లను దేశాల వారీగా, రకాల వారీగా విడదీసి చూడడం ఆ తరువాతనే సామాన్య పాఠకులకు అలవాటైంది. న్యూయార్క్ నగరంలో బీరు తయారీ నిపుణుడుగా పనిచేసిన గారెట్ ఆలివర్ 2003లో బీరునూ భోజనాన్నీ జతచేసే పద్ధతిపై ఒక పెద్ద గ్రంథమే రాశాడు. ఇటువంటి పుస్తకాలు రుచి గురించి మాట్లాడతాయి. చేదుగా ఉన్న బీరు నూనె జిడ్డును నాలుక మీద నిలవనివ్వదనీ, మాడ్చిన గింజలతో చేసిన నల్ల బీరు కాల్చిన మాంసానికి నప్పుతుందనీ చెబుతాయి. అందులో తప్పేమీ లేదు.

అయితే చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఒక వంటకమూ ఒక పానీయమూ ఒకే బల్ల మీదికి ఎలా వచ్చాయి? ధాన్యం ఎవరిది, చాకిరీ ఎవరిది, వాటిని కలిపి వడ్డించే హక్కు ఎవరికి ఉండేది? ఈ ప్రశ్నలతో చూస్తే, మనం సంప్రదాయం అనుకునే జతలలో చాలావాటిని నాలుక కంటే ముందు గాదె, కూలి, చట్టం, పన్ను కుదిర్చాయని తెలుస్తుంది. ఈ పాఠంలో అటువంటి కొన్ని సందర్భాలను పరిశీలిద్దాం. మద్యం మీద పాఠమేమిటని తరగతి గదిలో నన్ను అడిగిన విద్యార్థులు ఉన్నారు. ఉప్పు మీద, నల్లమందు మీద, తేయాకు మీద చరిత్ర చదివినట్టే ఇదీ చదవాలని వారికి చెప్పేవాణ్ణి. ఒక వస్తువును అధ్యయనం చేయడం దాన్ని వాడమని చెప్పడం కాదు.

గాదెతో ముడిపడిన పానీయం

తెలుగు ప్రాంతాల విద్యార్థులు మొదట ఒక తేడాను గుర్తుంచుకోవాలి. మనకు తరతరాలుగా తెలిసిన పులిసిన పానీయం కల్లు. అది తాటిచెట్టు నుంచో ఈతచెట్టు నుంచో వస్తుంది. చెట్టు నీరాలో చక్కెర ముందే ఉంటుంది కాబట్టి కుండలోకి దిగిన కొద్ది గంటల్లోనే అది తనంత తానే పులుస్తుంది. ధాన్యం అలా పులవదు. గింజలో ఉండేది పిండి పదార్థం. దానిని చక్కెరగా మారిస్తేనే పులుస్తుంది. అందుకు గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి లేదా వేయించి, దంచి, వేడినీటిలో కలపాలి. పసిపిల్లలకు రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి కొట్టి జావ కాచే తల్లులకు ఇందులో సగం పని తెలిసినదే. మొలకెత్తించి ఆరబెట్టిన ఆ ధాన్యాన్నే మాల్టు అంటారు.

దీనివల్ల ఒక ముఖ్యమైన ఫలితం కలిగింది. కల్లు దించితే ఇంట్లో తిండిగింజలు తగ్గవు. బీరు చేస్తే తగ్గుతాయి. రొట్టె కాల్చినా, సంకటి వండినా, బీరు చేసినా గింజ ఒకే గాదె నుంచి రావాలి. అందువల్ల బీరు పుట్టినప్పటి నుంచీ భోజనానికి తోడుగానూ ఉంది, పోటీగానూ ఉంది. ధాన్యం మీద అధికారం కోరుకున్న ప్రతి రాజ్యమూ బీరు విషయంలో తలదూర్చడానికి కారణం ఇదే. భారతదేశంలోనూ ధాన్యపు బీర్లు లేకపోలేదు. ఛోటానాగపూర్ ఆదివాసులు బియ్యంతో చేసే హండియా, బస్తర్, కోరాపుట్ ప్రాంతాల్లో చేసే లంద అటువంటివే. మన మైదాన ప్రాంతాల జీవితంలో మాత్రం ఆ స్థానం కల్లుదే.

రొట్టె ముందా, బీరు ముందా అన్న ప్రశ్న పండితులను చాలాకాలం ఆకర్షించింది. మనిషి వ్యవసాయం మొదలుపెట్టింది రొట్టె కోసం కాక బీరు కోసమే కావచ్చునని వృక్షశాస్త్రవేత్త జొనాథన్ సావర్ సూచించగా, పురావస్తు శాస్త్రవేత్త రాబర్ట్ బ్రెయిడ్‌వుడ్ 1953లో ఒక అమెరికన్ మానవశాస్త్ర పత్రికలో దాని మీద చర్చ నడిపాడు. ఆనాడు అది ఊహ మాత్రమే. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లీ లియు బృందం ఇజ్రాయెల్‌లోని రాకెఫెట్ గుహలో దాదాపు 13,000 ఏళ్లనాటి రాతి రోళ్లలో ధాన్యం పులియబెట్టిన జాడలు ఉన్నాయని ప్రకటించింది. వ్యవసాయం మొదలవడానికి ఎంతో ముందు కాలం అది. దీనితో ఆ వివాదం తేలిపోయిందని నేను అనుకోను. రెండింటికీ ఒకే గింజ, ఒకే రోలు, ఒకే నిప్పు కావలసి వచ్చాయి కాబట్టి ముందువెనుకల వాదన కంటే ఆ కలయికే మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

కూలిగా ఇచ్చిన భోజనం

దక్షిణ మెసొపొటేమియాలో క్రీ.పూ. 2100–2000 మధ్య పాలించిన మూడవ ఊర్ రాజవంశం కాలపు మట్టిపలకలు వేలకొద్దీ దొరికాయి. వాటిలో రాజ్యం పని మీద ప్రయాణించే దూతలకు రోజువారీ ఇచ్చిన దినుసుల పట్టికలు ఒక పెద్ద భాగం. ఒక్కొక్క మనిషి పేరున రాసిన దినుసులు దాదాపు ఒకటే: బీరు, రొట్టె, ఉల్లిపాయలు, కొద్దిగా నూనె. బీరూ భోజనమూ జతగా నమోదైన పాత పత్రాలను చూపమంటే నేను వీటినే చూపిస్తాను. రొట్టె మీద ఉల్లిగడ్డ పెట్టుకుని చేనుగట్టున తినే అలవాటు తెలంగాణ జొన్న పొలాలలో పనిచేసినవారికి వివరించనక్కరలేదు. సుమేరు దూతకు దానితో పాటు ఒక కుండ బీరు ఉండేది. ఆ బీరు చిక్కగా, పొట్టు తేలుతూ ఉండేది. అందుకే కుండలో పొడవాటి గొట్టాలు పెట్టి పీల్చేవారు. పలువురు ఒకే కుండ చుట్టూ కూర్చుని గొట్టాలతో తాగే దృశ్యాలు ఆ కాలపు ముద్రికల మీద కనిపిస్తాయి.

సుమేరు ప్రజలు బీరు తయారీని నిన్కాసి అనే దేవతకు అప్పగించారు. బీరు అమ్మే దుకాణాలు నడిపినవారిలో ఆడవాళ్లు చాలామంది. క్రీ.పూ. 18వ శతాబ్దపు హమ్మురాబి శాసనంలోని 108వ నిబంధన వీరి గురించే. బీరు వెలగా ధాన్యం తీసుకోకుండా పెద్ద తూకంతో వెండి తీసుకున్నా, ధాన్యం విలువకు తగినంత బీరు ఇవ్వకపోయినా ఆ దుకాణపు స్త్రీని నీటిలో పడవేయాలని అది చెబుతుంది. శిక్ష ఎంత కఠినమో చూడండి. రాజ్యం అక్కడ కాపాడుతున్నది ధాన్యానికీ బీరుకూ మధ్య ఉన్న మారకపు విలువను. మెసొపొటేమియాలో బీరు దాదాపు నాణెంతో సమానం.

ఈజిప్టులో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అబిడోస్‌లో దాదాపు 5,000 ఏళ్లనాటి బీరు కర్మశాల బయటపడినట్లు 2021లో ప్రకటించారు. ఎనిమిది పొడవాటి విభాగాలు, ఒక్కొక్కదానిలో రెండు వరుసలుగా సుమారు 40 మట్టిపాత్రలు. ఒక విడతకు 22,400 లీటర్ల దాకా తయారయ్యేదని తవ్విన పండితుల అంచనా. తొలి రాజుల అంత్యక్రియల క్రతువులకు ఆ బీరును వాడి ఉంటారని వారి అభిప్రాయం. ఇళ్ల స్థాయిలో ఎలా ఉండేదో చూడాలంటే మెకెత్‌రే అనే ఉన్నతాధికారి సమాధిలో 1920లో దొరికిన చెక్కబొమ్మలను గమనించాలి. దాదాపు 4,000 ఏళ్లనాటి ఆ బొమ్మలలో ఒకదానిలో రొట్టెల అంగడీ బీరు అంగడీ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఆడవాళ్లు వంగి పిండి విసురుతున్నారు. పక్కనే ఒకడు పిండి ముద్ద తొక్కుతున్నాడు. మరికొందరు బీరు కుండలు నింపుతున్నారు.

థీబ్స్ దగ్గర రాజుల లోయలో సమాధులు చెక్కిన పనివారు దైర్ అల్ మదీనా అనే ఊళ్లో నివసించేవారు. సాధారణ పనివాడికి నెలకు 4 ఖార్ల ఎమ్మర్ అనే పాత రకం గోధుమ, ఒకటిన్నర ఖార్ల బార్లీ జీతంగా ముట్టేవి. ఒక ఖార్ దాదాపు 77 లీటర్ల కొలత. గోధుమ రొట్టెకు, బార్లీ బీరుకు. జీతమే ఇలా రెండు కుప్పలుగా వచ్చేది కాబట్టి ఏ పానీయం ఏ తిండికి జత అన్న ప్రశ్న ఆ ఇంటి ఇల్లాలికి రాలేదు. మూడవ రామ్సెస్ పాలనలో 29వ ఏట, అంటే సుమారు క్రీ.పూ. 1157లో, ఈ ధాన్యం సమయానికి రాలేదు. పనివారు పనిముట్లు దించి, గోడలు దాటి వెళ్లి దేవాలయాల వెనుక కూర్చున్నారు. ఆకలితో దప్పికతో వచ్చామని చెప్పారు. లిఖితపూర్వకంగా మనకు తెలిసిన మొదటి సమ్మె ఇదేనని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. దీనికి ఆధారమైన పపైరస్ ప్రతి ఇటలీలోని టూరిన్ సంగ్రహాలయంలో ఉంది. ఈ ఘట్టాన్ని విద్యార్థులు కేవలం కార్మిక చరిత్రగా చదివి వదిలేస్తారు. అది భోజన చరిత్ర కూడా.

రొట్టెకూ ఏలుకూ ఒకే చట్టం

మధ్యయుగపు ఇంగ్లండులో హాప్స్ లేకుండా చేసిన బార్లీ పానీయాన్ని ఏల్ అనేవారు. అది కొద్ది రోజులలోనే పులిసి పాడయ్యేది. నిలవ ఉండదు కాబట్టి దూరం పంపడం కుదరదు. ఇంటింటా చేసుకోవలసిందే. వారం వారం రొట్టె కాల్చే ఇల్లాలే ఏల్ కూడా చేసేది. ఇంటికి మిగిలినది గుమ్మం ముందు ఒక కర్ర పాతి ఇరుగుపొరుగుకు అమ్మేది. 13వ శతాబ్దంలో మూడవ హెన్రీ కాలంలో వచ్చిన శాసనం పేరే ‘రొట్టె, ఏల్ నిబంధన’. ధాన్యం ధర మారినప్పుడల్లా రొట్టె బరువూ ఏల్ వెలా ఎలా మారాలో అది నిర్ణయించింది. రెండింటికీ కలిపి ఒకే చట్టం చేయడానికి వేరే వివరణ అవసరం లేదు. పేదవాడి భోజనం ఆ రెండే.

ఈ చిత్రాన్ని మార్చినది హాప్స్ అనే తీగమొక్క పువ్వు. దానివల్ల చేదుతో పాటు నిలవ గుణం వచ్చింది. హాప్స్ వేసిన బీరు 1400 ప్రాంతంలో నెదర్లాండ్స్ వైపు నుంచి ఇంగ్లండుకు చేరింది. నెలల తరబడి నిలవ ఉండే సరుకును పెద్దఎత్తున చేయవచ్చు, సైన్యాలకు, ఓడలకు పంపవచ్చు. అందుకు పెద్ద రాగి గంగాళాలు, పీపాలు, అప్పు పుట్టే పరపతి కావాలి. భర్త అనుమతి లేకుండా ఒప్పందం చేసుకోలేని స్త్రీకి అవి అందలేదు. జూడిత్ బెనెట్ 1996లో ప్రచురించిన పరిశోధన ఈ క్రమాన్ని గ్రామ న్యాయస్థానాల పత్రాల ఆధారంగా వివరించింది. 1300లో ఎక్కువగా ఆడవాళ్ల చేతిలో ఉన్న పని 1600 నాటికి చాలాచోట్ల మగవాళ్ల పరిశ్రమ అయింది. రొట్టె ఇంట్లో ఉండగా బీరు ఇల్లు దాటింది. ఈ పాఠంలో మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన మలుపు ఇది.

బవేరియా: తెచ్చుకున్న తిండి

జర్మనీకి దక్షిణాన ఉన్న బవేరియాలో 1516 ఏప్రిల్ 23న ఇంగొల్‌స్టాట్ నగరంలో వెలువడిన శాసనం ప్రసిద్ధమైనది. బార్లీ, హాప్స్, నీరు తప్ప బీరులో మరేదీ వాడరాదని అది ఆదేశించింది. ఈస్టు పేరు అందులో లేదు. దాని స్వభావం అప్పటికి ఎవరికీ తెలియదు. ఈనాటి ప్రకటనలలో దీనిని నాణ్యతా చట్టంగా చూపుతారు. శాసనంలో ఎక్కువ భాగం ధరల గురించే ఉన్న సంగతి చెప్పరు. గోధుమ, రై గింజలను రొట్టెల కోసం మిగల్చడం దాని ఉద్దేశాలలో ఒకటని చరిత్రకారులు అంటారు. ఆ ఉద్దేశం ఎంత నిజాయితీగా అమలైందన్నది వేరే మాట. 1602 నుంచి గోధుమ బీరు చేసే హక్కును బవేరియా డ్యూకు తన గుత్త చేసుకుని బాగా ఆర్జించాడు.

1553లో మరొక ఆంక్ష వచ్చింది. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు తయారు చేయరాదు. వేసవిలో సరుకు చెడిపోయేది, నిప్పు ప్రమాదాలూ ఎక్కువ. వేసవికి కావలసిన బీరును మార్చి నెలలోనే చేసి నేలమాళిగలలో దాచడం మొదలైంది. మ్యూనిక్ దగ్గర ఈజర్ నది గట్టున ఆ నేలమాళిగలు తవ్వి, మీద చల్లదనం కోసం గుబురుగా పెరిగే చెస్ట్‌నట్ చెట్లు నాటారు. నీడ ఉంది, కింద చల్లని బీరు ఉంది. జనం అక్కడికే వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టారు. ఊళ్లోని పూటకూళ్ల యజమానులకు కడుపు మండింది. రాజు దగ్గరికి ఫిర్యాదు వెళ్లింది. మొదటి మాక్సిమిలియన్ జోసెఫ్ 1812 జనవరి 4న ఇరుపక్షాలకూ సర్దిచెబుతూ ఉత్తర్వు ఇచ్చాడు. బీరు తయారీదారులు జూన్ నుంచి సెప్టెంబరు దాకా తమ నేలమాళిగల దగ్గర బీరు అమ్ముకోవచ్చు, దానితో రొట్టె ఇవ్వవచ్చు. వేరే వంటకాలు, వేరే పానీయాలు మాత్రం వడ్డించరాదు.

వంట దొరకదు కాబట్టి జనం ఇంటి నుంచి మూటకట్టి తెచ్చుకున్నారు. రొట్టె, చల్లబడినా తినగలిగే మాంసపు ముక్కలు, జున్ను, చుట్టచుట్టగా కోసి ఉప్పు చల్లిన తెల్ల ముల్లంగి. ఉప్పు పడ్డ ముల్లంగి నీరూరుతుంది, కారంగా ఉంటుంది, దాహం పెంచుతుంది. ఈనాడు మ్యూనిక్ బీరుకు సహజమైన జతలని చెప్పే పదార్థాలన్నీ పొయ్యి అవసరం లేనివి, మూటలో మోసుకుపోగలిగినవి కావడం యాదృచ్ఛికం కాదు. వంటకాలు అమ్మరాదన్న నిషేధం ఎప్పుడో పోయింది. తిండి ఇంటి నుంచి తెచ్చుకునే హక్కు మాత్రం నిలిచింది. 1999లో బవేరియా ప్రభుత్వం బీరుతోటల గురించి చేసిన నిబంధన, సొంత తిండి తెచ్చుకోనివ్వడాన్ని బీరుతోట లక్షణాలలో ఒకటిగా పేర్కొంది.

ఈ ముల్లంగి జపాను దాకా ప్రయాణించింది. మెయిజీ పాలనలో జపాను ప్రభుత్వం పాశ్చాత్య పరిశ్రమలను పనిగట్టుకుని నెలకొల్పింది. జర్మనీలో పని నేర్చుకుని వచ్చిన నకగావా సేబేతో 1876లో సప్పోరోలో బీరు కర్మాగారం పెట్టించింది. 1899 ఆగస్టు 4న టోక్యోలోని గింజా ప్రాంతంలో ఎబిసు బీరు హాలు తెరిచారు. అక్కడ మొదట జర్మన్ పద్ధతిని అనుసరించి ముల్లంగి చక్రాలు ఇచ్చారనీ, అవి జనానికి నచ్చక చిన్న రొయ్యలను సోయా రసంలో తియ్యగా ఉడికించిన తమ సొంత వంటకం పెట్టారనీ ఆ సంస్థ తన చరిత్రలో చెప్పుకుంది. ముల్లంగి జపానువారికి కొత్త కాదు, రోజూ తినేదే. అయినా మ్యూనిక్ చట్టం కుదిర్చిన జత ఆ చట్టం లేని చోట ఒక్క కాలం కూడా నిలవలేదు.

ఇంగ్లండు: పేదల తిండి, కనిపెట్టిన సంప్రదాయం

ఆల్చిప్పలూ నల్ల బీరూ అన్నది ఈనాడు ఖరీదైన జత. 19వ శతాబ్దపు మొదటి సగంలో లండన్‌లో అది వీధి తిండి. నల్లని పోర్టర్ బీరుకు ఆ పేరు వచ్చిందే బరువులు మోసే కూలీల వల్ల. ఆల్చిప్పలు థేమ్స్ నది ముఖద్వారం నుంచి పడవల నిండా వచ్చేవి. చార్లెస్ డికెన్స్ ‘పిక్విక్ పేపర్స్’ నవలలో ఆల్చిప్పల కొట్లను పేదల వీధులతో ముడిపెట్టి మాట్లాడే పాత్ర ఉంది. శతాబ్దం చివరికి వచ్చేసరికి హద్దు లేకుండా తోడడం వల్ల ఆల్చిప్పల దిబ్బలు తరిగిపోయాయి. నగరాల మురుగు వాటి నీటిలో కలిసింది. 1902లో వించెస్టర్, సౌతాంప్టన్ మేయర్ల విందులలో ఎమ్స్‌వర్త్ ఆల్చిప్పలు తిన్నవారికి టైఫాయిడ్ సోకి కొందరు మరణించారు. దొరకడం అరుదైన తరువాత అవి ధనికుల పళ్లెంలోకి చేరాయి. రుచి మారలేదు. ధర మారింది, దానితో మర్యాదా మారింది.

ఇంగ్లండు పొలం కూలీలకు రొట్టె, జున్ను, బీరు పాత భోజనమే. కూలిలో కొంత భాగంగా మద్యం ఇచ్చే అలవాటు ఎంతగా పాతుకుపోయిందంటే, దానిని నిషేధించడానికి 1887లో చట్టం చేయవలసి వచ్చింది. అయితే ‘దున్నేవాడి భోజనం’ అన్న పేరుతో పబ్బులలో పళ్లెం నిండా సర్ది ఇచ్చే జున్ను, ఊరగాయ, రొట్టె, బీరుల వరుస వేరే కథ. రెండవ ప్రపంచయుద్ధ కాలపు జున్ను రేషను 1954లో ముగిసింది. జున్ను అమ్మకాలు పెంచడానికి 1950ల చివర, 1960లలో పాడి పరిశ్రమ ప్రచార సంస్థలు ఈ పేరును ఊరూరా ప్రచారం చేశాయి. ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ 1983లో సంపాదకత్వం వహించిన గ్రంథం ద్వారా ‘కల్పిత సంప్రదాయం’ అన్న భావన మీకు ఇతర పాఠాలలో పరిచయమై ఉంటుంది. అదే ఏడు, ఈ పళ్లెం పేరునే శీర్షికగా పెట్టుకున్న ఒక ఆంగ్ల చలనచిత్రం కూడా వచ్చింది.

కూరా బీరూ అన్న జత సామ్రాజ్యం ఇచ్చినది. 18వ శతాబ్దం చివరినుంచే లండన్‌లోని బో ప్రాంతానికి చెందిన హాడ్జ్‌సన్ బీరు ఈస్టిండియా కంపెనీ ఓడలలో మద్రాసు, కలకత్తాలకు వచ్చేది. ఇక్కడి దొరల బంగళాలలో అన్నం, కూరల పక్కన అది ఉండేది. ఇంగ్లండులో ఈ జత సామాన్యులకు చేరింది 20వ శతాబ్దం రెండవ సగంలో, ముఖ్యంగా సిల్హెట్ నుంచి వలస వెళ్లినవారి భోజనశాలల ద్వారా. రాత్రి పబ్బులు మూసే వేళ దాటిన తరువాత కూడా భోజనంతో పాటు మద్యం వడ్డించడానికి భోజనశాలలకు చట్టం కొంత అదనపు సమయం ఇచ్చింది. పబ్బు మూయగానే జనం కూర తినడానికి వెళ్లేవారు. హైదరాబాదులో పుట్టి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన కరణ్ బిలిమోరియా 1989లో కోబ్రా బీరు సంస్థను స్థాపించాడు. లాగర్ బీరులోని గ్యాసు వల్ల కడుపు ఉబ్బి కూర తినలేకపోతున్నారన్నది అతని వాదన. మొదటి సరుకు బెంగళూరులో తయారై ఓడలో ఇంగ్లండుకు వెళ్లింది.

ఆఫ్రికా: కుండ ఎవరిది?

ఇంతవరకు చూసిన చోట్ల బీరు వంటింటి నుంచి బయటికి వెళ్లిపోవడానికి శతాబ్దాలు పట్టింది. ఆఫ్రికా దక్షిణ భాగంలో అది ఒక్క తరంలో, బలవంతంగా జరిగింది. అందుకే దీనిని చివరికి ఉంచాను.

ఇప్పటి జాంబియాలోని బెంబా ప్రజల భోజనం గురించి ఆడ్రీ రిచర్డ్స్ 1939లో ప్రచురించిన అధ్యయనం ఆహార చరిత్రలో మైలురాయి. వారి ముఖ్య ధాన్యం మన రాగులే. ఈ గింజ పుట్టినది తూర్పు ఆఫ్రికా మెట్టభూములలో. మన రాయలసీమకు, ఉత్తరాంధ్రకు అది ఎన్నో వేల ఏళ్ల కిందట సముద్రం దాటి వచ్చిన పంట. బెంబా ఇళ్లలో రాగిపిండితో చేసే గట్టి ముద్ద ఉబ్వాలి. దానికి నంజుకు కూరాకో చేపో ఉంటుంది. ముద్ద లేకపోతే ఎంత తిన్నా తిన్నట్టు కాదు. సంకటి తినే మన రైతులకూ ఈ మాట తెలుసు. అదే రాగులతో ఆడవాళ్లు బీరు చేస్తారు. చెట్ల కొమ్మలు నరకడానికో పొలం పనికో పదిమందిని పిలిచిన ఇంటివారు వారికి బీరు పెడతారు. దొర దగ్గరికి వచ్చినవారికీ బీరు పెట్టవలసిందే. బీరు చేసినంత మేరకు ముద్దకు పిండి తగ్గుతుందన్న లెక్కా రిచర్డ్స్ వేసింది. గాదె ఎంత నిండిందో, దానిలోంచి ముద్దకెంత, బీరుకెంత అన్న నిర్ణయం ఇంటి ఇల్లాలి చేతిలో ఉండేది.

డర్బన్ నగరంలో ఈ నిర్ణయాన్ని పురపాలక సంస్థ తీసుకుంది. నేటాల్‌లో 1908లో చేసిన చట్టం, జొన్న బీరును తయారుచేసి అమ్మే గుత్తాధికారాన్ని పురపాలక సంస్థలు తమ చేతిలో ఉంచుకోవడానికి వీలు కల్పించింది. డర్బన్ ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకుంది. ఆఫ్రికన్ స్త్రీలు ఇళ్లలో చేసే బీరు నేరమైంది. పోలీసులు కుండలు పగలగొట్టారు. పురపాలక బీరు హాళ్లలో మగవాళ్లకు మాత్రం అమ్మారు. ఆ లాభంతోనే ఆఫ్రికన్లను అదుపులో ఉంచే పరిపాలన ఖర్చులు గడిచాయి. ఇతర నగరాలు కూడా దీనిని ‘డర్బన్ పద్ధతి’ పేరుతో అనుసరించాయి. చెరకు తోటల కూలీలుగా 1860 నుంచి వెళ్లిన తెలుగువారి సంతతి నివసిస్తున్నది కూడా ఈ నగర ప్రాంతంలోనే కాబట్టి ఇది మనకు పూర్తిగా పరాయి చరిత్ర కాదు.

ఇంట్లో ఉన్నప్పుడు ఆ జొన్న బీరు భోజనం. పలచని, పులుపు జావలాంటిది, కడుపు నింపేది. హాలులో అది కూలి డబ్బు తీసుకునే సరుకు అయింది. పక్కన పిల్లలు లేరు, ముద్ద లేదు, వడ్డించే చెయ్యి లేదు. 1929లో హాళ్లను బహిష్కరించే ఉద్యమం నడిచింది. ఘర్షణలలో ప్రాణాలు పోయాయి. 1959 జూన్‌లో కాటో మేనర్ బస్తీ స్త్రీలు కర్రలు పట్టుకుని బీరు హాళ్లలోకి చొరబడి, లోపల తాగుతున్న మగవాళ్లను బయటికి తరిమారు. భర్తల కూలి హాళ్లలోనే ఆగిపోతున్నదన్నది వారి మొదటి మాట. ఇంట్లో బీరు చేసుకుని అమ్మి పిల్లల్ని పోషించుకునే దారి మూశారన్నది రెండవ మాట.

ఇది చదివినప్పుడు మీకు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించిన సంగతి గుర్తుకు వస్తుంది. రెండు చోట్లా ప్రభుత్వ ఆదాయం ఒక వైపు, ఇంటి కూలి డబ్బు మరొక వైపు ఉన్నాయి. కాని పరీక్షలో ఈ రెంటినీ ఒకటిగా రాయకండి. దూబగుంట స్త్రీలు సారా పూర్తిగా పోవాలని కోరారు. కాటో మేనర్ స్త్రీలు హాలు మూసి, తమ కుండ తమకు తిరిగి ఇమ్మన్నారు.